మెరిసే హెమీల వెనక మరుగున పడిన డెట్రాయిట్

2021 జనవరిలో ఫ్లోరిడాలోని పుంటా గోర్డాలో ‘మజిల్ కార్ సిటీ’ మూతపడింది. ఒకప్పటి వాల్‌మార్ట్ భవనంలో రిక్ ట్రెవర్గీ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి పోగుచేసిన జనరల్ మోటార్స్ కార్ల సేకరణ అది. కార్లు రెండు వందల దాకా ఉండేవి. అదే నెలలో మీకమ్ సంస్థ వేలం వేసింది. ఒకే కప్పు కింద చూడగలిగిన ఒక కాలపు చరిత్ర తలో దిక్కుకూ చెదిరిపోయింది.

అది ఆయన సొత్తు, అమ్ముకునే హక్కు ఆయనది. కానీ అమెరికన్ మజిల్ కార్ల (మధ్యరకం కారులో భారీ ఇంజిన్ బిగించిన వేగం బళ్ల) చరిత్రలో ఎక్కువ భాగం ఇలాంటి సొంత షెడ్లలోనే ఉంది. అందుకే ఆ షెడ్లు ఏం దాస్తున్నాయి, ఏం వదిలేస్తున్నాయి అన్నది యజమానుల ఇంటి వ్యవహారంగా చూసి ఊరుకోలేం.

ముందు ఈ కార్ల పుట్టుక గురించి చెప్పుకోవాలి. 1964లో జాన్ డెలోరియన్ ఆధ్వర్యంలో జనరల్ మోటార్స్ వారి పోంటియాక్ ఇంజినీర్లు మధ్యరకం టెంపెస్ట్ కారులో 389 ఘనపు అంగుళాల వీ8 ఇంజిన్ దించారు. అంటే దాదాపు 6.4 లీటర్లు. ఆ సైజు కారుకు అంత పెద్ద ఇంజిన్ పెట్టకూడదని కంపెనీలో నియమం ఉండేది. అందుకే దాన్ని కొత్త మోడల్ అనకుండా, టెంపెస్ట్‌లోనే ఖరీదైన రకమైన లెమాన్స్ కారు మీద తీసుకునే అదనపు ప్యాకేజీగా చూపించి గట్టెక్కారు. ఆ ప్యాకేజీ ధర 295 డాలర్లు, పేరు జీటీఓ. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. 1968లో ప్లిమత్ ఇంకో అడుగు ముందుకేసి రోడ్‌రన్నర్ తెచ్చింది. లోపల కార్పెట్ బదులు రబ్బరు మ్యాట్లు, సాదాసీదా సీటు. డబ్బంతా ఇంజిన్ మీదే పెట్టారు. ధర 2,900 డాలర్ల లోపే మొదలయ్యేది. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగలిగిన వేగం అది.

అదే రోడ్‌రన్నర్‌లో 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజిన్ (దహన గదులు అర్ధగోళాకారంలో ఉండే భారీ ఇంజిన్) కావాలంటే మరో 714 డాలర్లు కట్టాలి. కారు ధరలో దాదాపు నాలుగో వంతు. ఆ ఏడాది అమ్ముడైన సుమారు 45 వేల రోడ్‌రన్నర్లలో హెమీ ఉన్నవి వెయ్యి పైచిలుకే. నూటికి రెండున్నర కూడా కాదు.

సేకరణల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. మిషిగన్‌లో ఉంటున్న నాకు, నాతో పనిచేసే ఒక సీనియర్ ఇంజినీరు పుణ్యమా అని అలాంటి ఒక సేకరణ చూసే వీలు దొరికింది. బయట బోర్డు ఉండదు, టికెట్ ఉండదు, తెలిసినవాళ్లు తీసుకెళ్తేనే ప్రవేశం. లోపల హెమీలు బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన 1970 నాటి షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ 454, ప్లిమత్ వారి ముక్కు పొడుగు సూపర్‌బర్డ్. ఆ దశాబ్దంలో అమెరికా వీధుల నిండా ఇవే తిరిగేవేమో అనిపిస్తుంది. ఆరు సిలిండర్ల మామూలు షెవెల్ ఒక్కటీ లేదు. సూపర్‌బర్డ్ కొనేవాడు లేక డీలర్ల దగ్గర నెలల తరబడి నిలిచిపోయిన సంగతి కూడా పక్కనున్న పలకలో లేదు. అరుదైనదానికే ధర పలుకుతుంది, ధర పలికేదే మిగులుతుంది. ఎక్కువమంది నడిపిన కారు మాత్రం తుక్కు కిందకు పోతుంది.

ఆ హాల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పక్కపక్కనే ఉన్న రెండు 1970 ప్లిమత్ ‘కుడా’లు (బారకూడా మోడల్‌లో వేగానికి చేసిన రకం). ఒకటి నట్టు నట్టూ విప్పి, మళ్లీ రంగు వేసి బిగించిన హెమీ. తలుపుకీ, ముందు చక్రం మీది రేకైన ఫెండర్‌కీ మధ్య సందు పై నుంచి కింది దాకా గీత గీసినట్టుంది. రంగులో మొహం చూసుకోవచ్చు. కంపెనీ ఏనాడూ అంత శ్రద్ధగా తయారుచేసి పంపలేదు. రెండోది 383 ఇంజిన్ ఉన్న మామూలు కారు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆకుపచ్చ రంగు వెలిసింది. తలుపు తీస్తే అంచుల్లో రంగు గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. ఫెండర్ సందు కిందికి వచ్చేసరికి వెడల్పయింది. ఇంజిన్ వెనక రేకు మీద ఎవరో పసుపు క్రేయాన్‌తో రాసిన అంకెలు ఇంకా చెరిగిపోలేదు. వెనక సీటు స్ప్రింగుల మధ్య దొరికిన బిల్డ్ షీటును యజమాని ప్లాస్టిక్ కవరులో పెట్టి చూపించారు. ఏ కారుకు ఏం బిగించాలో లైను మీది పనివాళ్లకు చెప్పే కాగితం అది. స్ప్రింగుల తుప్పు దాని మీద గీతలుగా దిగింది, ఒక మూల ఎలుకలు కొరికేశాయి.

ఆ రెండింటిలో ఏది గొప్ప కారంటే నేను తడుముకోకుండా రెండోదే అంటాను. మొదటిదాన్ని రిపేరు చేసిన నిపుణుల పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ అందులో 1970 మిగల్లేదు.

ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. అందులో ఐదో స్థానం ఇంజిన్‌ది. ‘ఆర్’ ఉంటే హెమీ, ‘ఎన్’ ఉంటే 383. సేకరణకర్తలు ముందు వెతికేది ‘ఆర్’నే. 1971 నాటి హెమీ ‘కుడా’ కన్వర్టిబుల్ ఒకటి 2014లో 35 లక్షల డాలర్లకు పోయిందంటే ఆ అక్షరానికున్న విలువ అర్థమవుతుంది. ఏడో స్థానం గురించి ఎవరూ మాట్లాడరు. నేను చూసిన రెండు కార్లలోనూ అక్కడ ‘బి’ ఉంది. ఆ కారు డెట్రాయిట్ మధ్యలోనే ఉన్న హ్యామ్‌ట్రామిక్ అనే చిన్న ఊళ్లో, ప్లిమత్, డాడ్జ్‌లు రెండింటికీ యజమాని అయిన క్రైస్లర్ వారి డాడ్జ్ మెయిన్ ప్లాంటులో తయారైందని దాని అర్థం.

1968 మేలో ఆ ప్లాంటులో లైను వేగం పెంచడం మీద కార్మికులు యూనియన్ అనుమతి లేకుండానే సమ్మెకు దిగారు. ఆ గొడవలోంచే నల్లజాతి కార్మికుల ‘డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్’ పుట్టింది. మరుసటి ఏడాది అదే ప్లాంటులో ఈ కొత్త బారకూడాలు తయారవడం మొదలైంది. ఆకుపచ్చ కారులోని ఆ వంకర సందునూ, క్రేయాన్ అంకెలనూ ఈ సంగతి తెలిశాక చూస్తే అవి లోపాల్లా అనిపించవు. 1980లో డాడ్జ్ మెయిన్ మూతపడింది, తర్వాత కూల్చేశారు. ఆ చోట వచ్చిన జనరల్ మోటార్స్ ప్లాంటు పేరు ఇప్పుడు ‘ఫ్యాక్టరీ జీరో’. అక్కడ విద్యుత్ హమ్మర్లు తయారుచేస్తున్నారు. ఆ పాత ప్లాంటును ఇప్పుడు చూడాలంటే అక్కడ బిగించిన కార్లలోనే చూడాలి.

సేకరణకర్తల రుణం మాత్రం తక్కువది కాదు. 1970ల మొదట్లో కుర్రాళ్ల మీద బీమా భారం పడింది. స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. కంపెనీలు ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించడంతో వాటి బలమూ తగ్గింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు ఆంక్షలు మొదలయ్యాయి. దాంతో ఈ కార్లు ఎవరికీ అక్కర్లేని పాత సామానయ్యాయి. మంచు కోసం రోడ్లపై చల్లే ఉప్పు ఎన్నిటినో తినేసింది. అప్పట్లో కొనే స్తోమత లేని కుర్రాళ్లు, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, పెరళ్లలోంచీ కొట్టాల్లోంచీ వీటిని వెతికి తెచ్చుకున్నారు. వాళ్లే లేకపోతే ఈ చర్చే ఉండేది కాదు. మేం వెళ్లినరోజు ఆ సేకరణ యజమాని 383ని స్టార్ట్ చేశారు. కార్బురేటర్ రెండుసార్లు దగ్గినట్టయి, ఇంజిన్ అందుకుని, కాళ్ల కింద సిమెంటు గచ్చు అదిరింది. పెట్రోలు వాసన హాలంతా పరుచుకుంది. కదలని హెమీల వరుస చెప్పలేని సంగతి అది.

డెట్రాయిట్ శివార్లలోని నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ ఇవే కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌కు పిల్లలతో తప్పకుండా వెళ్లమంటాను. ఎన్ని గుర్రాల బలం అని అందరూ అడుగుతారు. మీరు ఏ ప్లాంటులో తయారైందని అడగండి, బిల్డ్ షీటు ఉందా అని అడగండి. సగంమంది యజమానులు ఆ ప్రశ్నకే మురిసిపోతారు.

సేకరణలు ఉన్నవాళ్లు చేయాల్సింది ఖర్చుతో కూడుకున్నదేం కాదు. బిల్డ్ షీట్లకూ, డీలరు బిల్లులకూ, ముట్టుకోని కార్ల ఫొటోలకూ నకళ్లు తీసి డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలోని నేషనల్ ఆటోమోటివ్ హిస్టరీ కలెక్షన్‌కు ఇవ్వడానికి ముందుకు రావాలి. కార్మిక సంఘాల పత్రాలను భద్రపరుస్తున్న వేన్ స్టేట్ యూనివర్సిటీ రూథర్ లైబ్రరీకీ ఒక ప్రతి అందాలి. రేపు కార్లు వేలంలో ఎటు పోయినా ఆ సమాచారం ఒకచోట ఉంటుంది. ఇంకో పని మాత్రం ఆలస్యం చేస్తే ఎవరివల్లా కాదు. 1970లో డాడ్జ్ మెయిన్ లైను మీద ఇరవై ఏళ్ల వయసులో నిలబడినవాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. వాళ్లను వెతికి ఈ షెడ్లకు పిలిపించాలి. ఆ క్రేయాన్ అంకెలు చూపించి, ఇవి ఎవరు రాసేవారు, ఎందుకు రాసేవారు అని అడిగి రికార్డు చేసుకోవాలి.