రాచకొండను కనుగొన్న ఆదివారం

పోయిన ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రాచకొండను కనుగొన్నారు. హైదరాబాదు నుంచి రెండు కార్లలో వచ్చిన తొమ్మండుగురు ఈ ఘనత సాధించారు. 'ఎవరికీ తెలియని చోటు' అని పొద్దుగూకేలోపు ఫోన్లలో లోకమంతటికీ తెలియజేశారు కూడా.

అంతకుముందు ఇక్కడ మనుషులు తిరగలేదని కాదు. కాకతీయులు పోయినంక 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు దీన్నే రాజధాని చేసుకుని ఏలారు. తర్వాత బహమనీలు వచ్చారు. కానీ వాళ్లలో ఒక్కరూ లొకేషన్ పెట్టలేదు. కోటలు కట్టే తీరిక ఉన్నవాళ్లకు ఆ మాత్రం తీరిక లేకపోయిందా? కనుక చరిత్రకారులు ఈ ఆదివారం నుంచే లెక్క మొదలుపెట్టాలని మనవి.

గుట్ట ఎక్కడానికీ ట్రెక్కింగుకూ ఉన్న భేదం మా ఊరోళ్లకు ఇంకా తలకెక్కడం లేదు. మా చిన్నాయిన నలభై ఏండ్లుగా గొర్లనూ మేకలనూ తోలుకొని ఈ గుట్టలు ఎక్కి దిగుతున్నాడు. అది ట్రెక్కింగు కాదు. ఆయన ఎవరికీ పైసలు కట్టలేదు, దిగినంక కాళ్లనొప్పుల గురించి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మమ్మ సీతాఫలాల కాలంలో నెత్తిన గంపతో, ఉత్తకాళ్లతో బండల మీదుగా దిగేది. పాపం, ఆమె అజ్ఞానం ఇంకా ఘోరం. గుట్ట మీదికి పోయేది పండ్ల కోసమని అనుకుంది.

భువనగిరి బండ దగ్గరా ఇదే చిక్కు. గురుకుల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అక్కడ తాళ్లు పట్టి ఎక్కడం నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి 13 ఏండ్ల 11 నెలలు. అదే గుట్ట మెట్ల మీద సగం దూరం కూడా రాకముందే "ఇంకెంత దూరం బ్రో" అని కూలబడే పెద్దమనుషులను చూసి నవ్వకండి. ఆ పిల్లలకు నేర్పేవాళ్లున్నారు. వీళ్లకు బ్లూటూత్ స్పీకరే దిక్కు.

మన తొమ్మండుగురి సంగతికొస్తే, పదకొండింటికల్లా తప్పిపోయారు. దారి ఫోన్లో ఉంది, గుట్టలో లేదు. చిన్నాయిన కనబడ్డాడు.

"అంకుల్, సిగ్నల్ ఎక్కడొస్తది?"

"గుడి కాడ."

"ఇక్కడ అడవి జంతువులు ఉంటాయా?"

"ఆదివారం ఆదివారం వస్తయి బిడ్డా."

తన సద్దిలో సగం వాళ్లకు పెట్టి, కార్ల దాకా తోలుకొచ్చాడు. వాళ్లు పారేసిన నీళ్ల సీసాలు ఏరుకుంటూ వెనకాల నడిచాడు గనుక ఫొటోల్లో అంచున పడ్డాడు. అంచును కత్తిరించారు. మేకపోతును మాత్రం ఉంచారు, కింద 'వన్యప్రాణి' అని రాసి.

దానికి నాలుగు వేల లైకులొచ్చాయని చూపించాను. చిన్నాయిన ఫోను దగ్గరికి పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"అయితే అంగట్ల దీనికి ధర ఏమన్న పెరుగుతదా?"