బాతు నంబరు కార్డు గారికో ఉత్తరం

ప్యారిస్‌లో సీన్ నది ఒడ్డున లా టూర్ దార్జాన్ అనే హోటల్లో బాతు తిన్నవాళ్ళ చేతికొచ్చే నంబరు కార్డు గారూ,

నమస్కారం. తమరు ప్రస్తుతం మా బావ షోకేసులో కొలువున్నారు. ఇంటికి ఎవరొచ్చినా ముందు మీ దర్శనం, తర్వాతే టిఫిన్. బాతు ఎలా ఉంది బావా అంటే "అదో ఎక్స్‌పీరియెన్స్‌లే" అంటాడు, ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పడు, నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్తాడు.

మీ చరిత్ర చదివా లెండి. 1890లో ఫ్రెడరిక్ డెలేర్ అనే ఓనరు గారికి వడ్డించే ప్రతి బాతుకీ వరస నంబరు వెయ్యాలని బుద్ధి పుట్టిందట. ఆ ఏడే 328వ బాతు బ్రిటన్ యువరాజు, అదే తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైనాయన ప్లేట్లోకెళ్ళింది. 1921లో 53,211వది జపాన్ యువరాజు హిరోహిటోకి. 2003కి పది లక్షలు! అంటే మా బావ హిరోహిటో ఉన్న క్యూలోనే నిలబడ్డాడన్నమాట, కాకపోతే బాగా వెనకాల. మరి మీ హోటలేమో 1582 నుంచీ ఉన్నామంటోంది కదండీ, 1890కి ముందు అక్కడ ప్రాణం పోగొట్టుకున్న బాతులేం పాపం చేశాయి, వాటి తరఫు వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్తారు?

ఇక ఆ వంట. వేయించిన బాతు రొమ్ము ముక్కలు కోసి పక్కన పెట్టి, మిగిలిన బొమికల గూడుని ప్రెస్సు అనే పిండే మిషన్లో వేసి పైనున్న చక్రం తిప్పుతారు, కింద గొట్టంలోంచి రక్తమూ మూలుగా కారుతుంటే పట్టి, కాన్యాక్ బ్రాందీ, మదైరా వైను, బాతు కాలేయం కలిపి నల్లగా చిక్కబడేదాకా కాస్తారు, దాంట్లోనే ఆ ముక్కలు వడ్డిస్తారు. మా ఇంట్లో ఆదివారం మేక నల్ల వేయిస్తుంటే ఛీ రక్తం అని మేడెక్కి కూర్చునే మనిషండీ మా బావ! అక్కడ సాసు అనేసరికి బ్రెడ్డు పెట్టి ప్లేటు అద్దంలా తుడిచాడట, అక్కే చెప్పింది. పైగా కిటికీలోంచి నోట్రడామ్ చర్చి కనిపిస్తుంటే రక్తం కూడా కల్చరే అవుద్దిలెండి.

అన్నట్టు మీ హోటల్‌కి, వంట చూసి హోటళ్ళకి మార్కులేసే మిషెలిన్ గైడు వాళ్ళిచ్చిన మూడు స్టార్లలో 1996లో ఒకటి, 2006లో ఇంకోటి ఎగిరిపోయాయి. మీ నంబరు మాత్రం ఒక్కటి కూడా వెనక్కి తగ్గలా, తగ్గే ఏర్పాటే లేదాయె. వంట బాగున్నా బాలేకపోయినా పెరిగేదాన్నే కదా జనం ఫ్రేము కట్టించుకునేది, మీ ఓనరు గారు మామూలోడు కాదు.

చిన్న రిక్వెస్టు. కుదిరితే మీ వెనకవైపు ఆ బాతు రుచి ఎలా ఉంటుందో రెండు లైన్లు అచ్చేయించండి, వచ్చినవాళ్ళకి చెప్పుకోడానికి బావకి పనికొస్తుంది. ధర మాత్రం వెయ్యకండి బాబోయ్. పిలిచినాయన చేతిలో తప్ప మిగతావాళ్ళ మెనూలో రేట్లు వేయకపోవడం పాత ఫ్రెంచి హోటళ్ళ మర్యాదటగా, ఆ మర్యాద మా బావ ఇంటికొచ్చాక కూడా పాటిస్తున్నాడు, బిల్లెంతైందో అక్కకి ఇప్పటికీ తెలీదు.

ఇట్లు,
షోకేసుకి ఎదురు సోఫాలో కూర్చునే బావమరిది