ఎనిమిది రెళ్ళు పదహారు గిగాహెర్ట్జ్ కాదు మహాప్రభో

"షాపువాళ్ళు చెప్పని మొబైల్ ప్రాసెసర్ రహస్యాలు" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, ఎక్కడ చూసినా అదే. కింద "తప్పక షేర్ చేయండి" అనే తోక ఒకటి. హైదరాబాద్‌లో ఫోన్లమ్మే జగదీష్ మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళు దీన్నే నమ్ముకుని డబ్బులు పెడుతున్నారు కాబట్టి ఊరుకోబుద్ధి కావట్లేదు.

"ఎనిమిది కోర్లు, ఒక్కోటి 2 గిగాహెర్ట్జ్, మొత్తం 16. ఐఫోన్‌కి ఆరే కోర్లు కాబట్టి అది వెనకబడినట్టే." ఎక్కాలు బాగానే వచ్చు, సంతోషం. కోర్ అంటే ప్రాసెసర్‌లో పని చేసే ఒక్కో యూనిట్, గిగాహెర్ట్జ్ అంటే దాని స్పీడు. యాప్ తెరిచినా, స్క్రోల్ చేసినా బరువంతా దాదాపు ఒక్క మెయిన్ థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే పనుల వరుస) మీదే పడుతుంది. దాన్ని ఎనిమిది కోర్లకు పంచిపెట్టడం కుదరదు. చిప్ కంపెనీ మీడియాటెక్ పది కోర్ల హీలియో ఎక్స్20ని 2016లోనే ఫోన్లలోకి తెచ్చింది. ఈ లెక్కన ఇప్పటికి ఇరవై కోర్లు రావాలి. 2024 చివర్లో వచ్చిన క్వాల్‌కామ్ చిప్ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌లో ఉన్నవి ఎనిమిదే.

"నానోమీటర్లు తగ్గితే ఫోన్ వేడెక్కదు." నానోమీటర్లంటే చిప్ లోపలి భాగాల సైజు అనుకుంటారు. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1, 8 ప్లస్ జెన్ 1 రెండింటి మీదా రాసి ఉండేది 4 నానోమీటర్లే. రెండింట్లో పెద్ద కోర్ (బరువు పనులు చేసేది) డిజైన్ కూడా ఒకటే, కార్టెక్స్ ఎక్స్2. మొదటిది శాంసంగ్ ఫ్యాక్టరీలో తయారైంది, రెండోది తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీలో. ఫ్యాక్టరీ మారాక స్పీడు 3.0 నుంచి 3.2 గిగాహెర్ట్జ్‌కి పెరిగింది. అయినా కరెంటు వాడకం 30 శాతం దాకా తగ్గిందని క్వాల్‌కామే చెప్పుకుంది. ఆ 4 అనేది ఫ్యాక్టరీవాళ్ళు పెట్టుకున్న పేరు. చిప్ లోపల టేపు పెట్టి కొలిచిన అంకె కాదు.

అసలు కొంప ముంచేది మూడోది: "కొత్త జనరేషన్ ఏదైనా పాతదానికంటే ఫాస్టే. 2023 చిప్ ముందు 2021 చిప్ నిలవదు." అలాగా? స్నాప్‌డ్రాగన్ 870 వచ్చింది 2021 జనవరిలో, 4 జెన్ 2 వచ్చింది 2023 జూన్‌లో. 870 తయారైంది 7 నానోమీటర్ల మీద, రెండోది 4 మీద. మెసేజ్ లెక్క ప్రకారం రెండోదే గెలవాలి. లోపలికి చూడండి. 870లో పెద్ద కోర్లు నాలుగు, అన్నీ కార్టెక్స్ ఏ77 రకం, అందులో ఒకటి 3.2 గిగాహెర్ట్జ్. 4 జెన్ 2లో పెద్దవి రెండే. అవి ఏ78 రకం, అంటే డిజైన్ ఒక మెట్టు కొత్తదే, కానీ 2.2 దగ్గరే ఆగిపోతాయి. గ్రాఫిక్స్ అయితే 870లోని అడ్రినో 650 ముందు 4 జెన్ 2లోని అడ్రినో 613 నిలవనే నిలవదు. బీజీఎంఐ ఆడే పిల్లాడికి "లేటెస్ట్ చిప్" అని కొనిచ్చి, ల్యాగ్ వస్తే నెట్‌వర్క్‌ని తిట్టుకుంటారు.

4 జెన్ 2లో మిగతా ఆరు కోర్లూ? కార్టెక్స్ ఏ55. 2017లో ప్రకటించిన డిజైన్. మెమరీ నుంచి డేటా రావడం ఆలస్యమైతే తర్వాతి పని ముందుకు లాక్కోదు, వరుస తప్పకుండా అక్కడే నిలబడుతుంది. బడ్జెట్ ఫోన్ డబ్బా మీద మెరిసే "ఆక్టాకోర్" అంటే చాలాసార్లు రెండు పెద్దవి, ఆరు ఇవి.

ఇంకో తమాషా. మీడియాటెక్ చిప్ డైమెన్సిటీ 700 వచ్చింది 2020లో. 2023లో వచ్చిన డైమెన్సిటీ 6020లోనూ అవే రెండు ఏ76లు, అదే 2.2 గిగాహెర్ట్జ్, అదే 7 నానోమీటర్లు. మరి జనరేషన్ ఎక్కడ మారినట్టు? స్టిక్కర్ మీద.

కాబట్టి 8తో మొదలయ్యేదాన్ని 8తో, 4ని 4తో పోల్చండి. సీపీయూ-జెడ్ (CPU-Z) యాప్ వేసుకుంటే ఏ కోర్ ఏమిటో, ఒక్కోదాని గరిష్ఠ స్పీడు ఎంతో కనిపిస్తుంది.

"అంటుటు స్కోరే ఫైనల్." అంటుటు అంటే ఫోన్ స్పీడుకి మార్కులు వేసే యాప్. ఏ వెర్షన్‌లో? వెర్షన్ మారితే లెక్క మారుతుంది. అలాంటిదే గీక్‌బెంచ్ యాప్, దాని 5, 6 వెర్షన్ల స్కోర్లు కూడా పక్కపక్కన పెట్టకూడదు. పైగా షాపు ఏసీలో వచ్చిన మొదటి రన్ స్కోరు మే నెలలో బండి హ్యాండిల్ మీద మ్యాప్స్ నడుస్తున్నప్పుడు ఉండదు. కవర్ తీసి, చార్జర్ పీకి, బ్రైట్‌నెస్ ఒకచోట పెట్టి త్రీడీమార్క్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ నడపండి. ఇరవై రౌండ్లు, సుమారు ఇరవై నిమిషాలు. మొదటి రౌండ్ స్కోరుకి చివర్లో ఎంత మిగిలిందో చూడండి.

"6+6 ర్యామ్‌తో ప్రాసెసర్ స్పీడు డబుల్." ఆ రెండో 6 స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు. ప్రాసెసర్‌కి దాంతో సంబంధం లేదు.

"వేడెక్కితే ఫ్రిజ్‌లో పెట్టండి." బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. ఫ్రిజ్‌లో పెరుగు పెట్టుకోండి, చాలు.

ఇన్ని అబద్ధాల చివర ఒక మాట మాత్రం కరెక్టుగా రాశారు: పాత ఫ్లాగ్‌షిప్ సెకండ్‌హ్యాండ్‌లో కొనకండి అని. ఒప్పుకుంటాను. పైన 870ని పొగిడాను కదా అని ఎగబడకండి. చిప్ ఇప్పటికీ గట్టిదే, చుట్టూ ఉన్నవే ముసలివైపోయాయి. కొని తీరాలనుకుంటే కౌంటర్ దగ్గరే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. ఏడాది దాటిందంటే ఇక అప్‌డేట్లు రావనే అనుకోండి. వెనక ప్యానెల్ అంచు వెంబడి గోరు పోనివ్వండి. ఎక్కడైనా పైకి లేచిందంటే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అదే వేడెక్కడంలో పేరుమోసిన స్నాప్‌డ్రాగన్ 888 గానీ 8 జెన్ 1 గానీ అయితే, బేరం ఎంత బాగున్నా ఫోన్ తిరిగి ఇచ్చేయండి.