ఒక్క కుర్చీకి ఇంత ఇల్లా?

మహారాజశ్రీ కేథడ్రల్ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఒంటి మీద పరంజా కనిపిస్తే మీరు బాగున్నట్టే లెక్క. మీ వంశంలో మరమ్మతు లేకుండా ఎవరైనా ఉన్నారా అని నాకు ఎప్పటినుంచో అనుమానం.

అసలు సంగతికి వస్తాను. బిషప్ గారి కుర్చీ మీ ఇంట్లో ఉంది కాబట్టి మీరు కేథడ్రల్. అది లేకపోతే ఎంత ఎత్తున్నా వట్టి చర్చే. రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా ముందు ప్రపంచమంతా ఫొటోలు దిగుతుంది గానీ, రోమ్ బిషప్‌గా పోపుగారి కుర్చీ ఉన్నది ఊళ్ళో ఇంకోవైపు, సెయింట్ జాన్ లాటరన్ చర్చిలో. పేరు ఒకరిది, పీఠం ఇంకొకరిది. పోనీ ఆ కుర్చీ అయినా రోజూ నిండుతుందా? బిషప్ గారు ఏడాదంతా డయాసిస్‌లోని, అంటే తన ఏలుబడిలోని ప్రాంతంలో ఉన్న, చిన్న చర్చీల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. కొత్త ఫాదర్ల అభిషేకానికో, ఈస్టర్ ముందు తైలాలు ఆశీర్వదించడానికో, పెద్ద పండగకో మీ దగ్గరికొస్తారు. ఆ రోజు డయాసిస్ అంతా దిగి, తల్లి చర్చి అని మురిసిపోతుంది. మర్నాడు ఆ తల్లి ఇంటి కప్పు కారుతోందంటే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అంత ఇంట్లో మిగతా జాగా ఏం చేశారయ్యా అంటే, ఊరికి వదిలేశారు. నాకు మీరు నచ్చేది అక్కడే. జర్మనీలో ఫ్రైబుర్గ్ కేథడ్రల్‌కి వెళ్ళి చూడండి. గుమ్మం పక్క గోడ మీద రొట్టె కొలతలు చెక్కి ఉంటాయి, 1270లో ఇంత, 1317లో ఇంత అని. రొట్టెలవాడు చెయ్యి వాటం చూపించాడని అనుమానమొస్తే తెచ్చి గోడకి ఆనించి చూసుకోవడమే. అక్కడ బిషప్ గారి కుర్చీ పడింది 1827లో. అంటే కుర్చీ కంటే ఐదొందల ఏళ్ళ ముందే రొట్టె వచ్చి కూర్చుంది! ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ కేథడ్రల్ వారైతే 1305 నుంచి 1467 దాకా లెక్కల్లో పిల్లికి కూడా పద్దు రాశారు, మూడు నెలలకి 13 పెన్నీలు. ఎలుకలు పట్టినందుకు. జీతానికి తగ్గ పని చేసిన ఉద్యోగి ఆ రోజుల్లో అదొక్కటేనేమో. ఫ్రాన్స్‌లో రువాన్ కేథడ్రల్ గోపురాల్లో ఒకదానికి ‘వెన్న గోపురం’ అని పేరు. ఉపవాస దినాల్లో వెన్న తినడానికి అనుమతి కావాలంటే కానుక చెల్లించాలట, ఆ డబ్బుతో అది లేచిందంటారు. నోరు కట్టుకోలేని జనం ఊరికి ఎంత మేలు చేశారో!

2019లో ఇంగ్లండ్‌లోనే నార్విచ్ కేథడ్రల్ లోపల పెద్ద జారుడుబండ పెట్టారు. పైకప్పు చెక్కడాలు దగ్గర్నుంచి చూడమని. భక్తులు కొందరు ముక్కున వేలేసుకున్నారు. నాకు జారుడుబండతో పేచీ లేదు, పిల్లిని పోషించినవాళ్ళకి పిల్లలు బరువా? నా పేచీ అంతా మీలో కొందరు పెట్టిన టికెట్ కౌంటర్‌తోనే. ప్రార్థనకైతే ఉచితం, చూడటానికైతే డబ్బులు. లండన్‌లో సెయింట్ పాల్స్ వారిది ఇరవై పౌండ్లు ఎప్పుడో దాటింది. మోకరిస్తే భక్తుడు, ఫోన్ తీస్తే టూరిస్టు. మరి ఇంట్లో పోట్లాడో, ఆసుపత్రి నుంచి రిపోర్టు తీసుకునో, ఎండకి తాళలేకో, కాసేపు ఊరికే కూర్చుందామని వచ్చినవాడు ఏ లైన్లో నిలబడాలి? ఉచితంగా వెళ్ళాలంటే రాని ప్రార్థన నటించాలి. గుమ్మంలోనే అబద్ధం ఆడించి లోపలికి పంపడం మీకు మర్యాదేనా?

ఖర్చులున్నాయంటారు. ఉన్నాయి, కాదనను. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం మీ రోజువారీ ఖర్చు భరించదు. ఊరివాళ్ళూ తక్కువ తినలేదు, పోస్టుకార్డు మీద మీ బొమ్మ వేసుకుంటారు, ఆదివారం మొహం చాటేస్తారు. నిప్పంటుకుంటే మాత్రం ‘మాది’ అని రోడ్డెక్కి ఏడుస్తారు. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ తగలబడినప్పుడు చూశాం కదా. కానీ దాని తర్వాత జరిగింది కూడా చూడండి. ఆ భవనం చట్టప్రకారం ప్రభుత్వానిది. 2024లో మళ్ళీ తెరిచే ముందు సాంస్కృతిక మంత్రిగారు ఐదు యూరోల టికెట్ పెడదామంటే, వద్దన్నది చర్చి! అందరికీ ఉచితం అని కూర్చుంది. మీ వంశంలోనే ఉన్నారు అలాంటివాళ్ళు, అందుకే అడిగే ధైర్యం చేస్తున్నాను.

సాయంత్రం తలుపులు మూసేముందు ఒక్క గంట ఆ క్యూ తాళ్ళూ, కౌంటరూ తీసేయండి. ‘ఎందుకొచ్చావు’ అని ఎవరూ అడక్కుండా ఉంటే చాలు.

జవాబుకి తొందరేం లేదు. జర్మనీలోని కొలోన్‌లో మీ పని 1248లో మొదలై 1880లో పూర్తయింది. మధ్యలో నాలుగొందల ఏళ్ళు ఒక క్రేన్ ఊరికే గోపురం మీద నిలబడి ఉంది. నేను వచ్చే వారం దాకా ఆగగలను.

ఇట్లు,
మోకరించనివాడూ, ఫోన్ తీయనివాడూ అయిన
మీ ఊరివాడు