బకెట్‌లో హీటర్ ఉంటే ఎంసీబీని నమ్ముకోవద్దు

హెయిర్ డ్రయ్యర్ లాంటిది నీళ్లలో పడితే ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) వెంటనే ట్రిప్ అవుతుంది కాబట్టి భయం లేదని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట సరిచేయండి. చాలాసార్లు అది ట్రిప్ కాదు. కుళాయి నీళ్లు రాగి తీగలా కరెంటును ధారాళంగా పోనివ్వవు. నీళ్లలోంచి ఫేజ్‌కూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కూ (తిరిగి వెళ్లే తీగ) మధ్య పారే కరెంటు 16 ఆంపియర్ల ఎంసీబీకి లెక్కలోకే రాకపోవచ్చు. మునిగిన వస్తువు తిరుగుతూనే ఉండొచ్చు కూడా.

మన ఇళ్లలో నాకు డ్రయ్యర్ కంటే బకెట్‌లో వేసే హీటర్ రాడ్ అంటేనే ఎక్కువ భయం. ప్లాస్టిక్ బకెట్, ఎక్కడో సన్నగా చిట్లిన రాడ్. నీళ్లు కాగాయో లేదో అని తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి వేలు ముంచుతారు. అంతవరకు నేలకు దారి లేని కరెంటుకు ఆ మనిషే దారి అవుతాడు. పది, ఇరవై మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం.

ఇలా మనిషిలోంచి నేలకు పోయే కరెంటును పసిగట్టేది ఆర్‌సీసీబీ అనే మరో రకం స్విచ్. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చినదానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటితే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీద ‘టి’ అక్షరమున్న చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి, మీట పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

ఏదైనా నీళ్లలో పడితే మాత్రం దాని జోలికి పోకుండా ముందు మెయిన్ ఆపండి. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైన ఇళ్లున్నాయి, అక్కడ బోర్డు మీద స్విచ్ ఆపినా తెగేది న్యూట్రలే కాబట్టి వస్తువులో కరెంటు ఉంటుంది.