సెక్షన్లు ఎత్తేస్తేనే సెకండియర్‌లో ఉత్సాహం

డిసెంబరు వచ్చేసరికి విజయవాడ, గుంటూరు కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో ఒక తంతు మొదలవుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎక్కడి నుంచో పిలిపించిన వక్త చేత రెండు గంటల పాటు ప్రేరణ ప్రసంగం ఇప్పిస్తారు. చప్పట్లు కొట్టిస్తారు, కళ్లు మూసుకుని అమ్మానాన్నల కష్టాన్ని తలుచుకోమంటారు, కొందరు పిల్లలు నిజంగానే ఏడుస్తారు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్ యథావిధిగా మొదలవుతుంది, వారాంతపు పరీక్ష ర్యాంకులను బట్టి సెక్షన్లు మళ్లీ మారిపోతాయి. లోపమంతా పిల్లల మనసులోనే ఉందన్న నిర్ధారణతో జరిగే ఈ తంతు, పదో తరగతిలో హుషారుగా చదివిన పిల్లవాడు ఏడాదిన్నర తిరిగేసరికి ఎందుకు చల్లబడిపోయాడన్న ప్రశ్నను తెలివిగా దాటవేస్తోంది. అతణ్ణి చల్లార్చింది కళాశాల పద్ధతే, అందులోనూ ప్రధానంగా ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడదీసే పద్ధతి.

రెండో సంవత్సరం ఎలా సాగుతుందో ఈ రెండు నగరాల పాఠకులకు చెప్పనక్కర్లేదు. దసరా నాటికి సిలబస్ అయిపోయిందనిపించి రివిజన్ మొదలుపెడతారు. సంక్రాంతి దాటగానే జేఈఈ మెయిన్ మొదటి విడత, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఫిబ్రవరి చివరనో మార్చిలోనో పబ్లిక్ పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, మే నెలలో నీట్, ఈఏపీసెట్ వరుసగా వచ్చి పడతాయి. మొదటి విడత ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది కనుక, పర్సంటైల్ తగ్గిన విద్యార్థి ఆ దెబ్బ నుంచి తేరుకోక ముందే పబ్లిక్ పరీక్షల హాల్లోకి అడుగుపెట్టాలి. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఎన్ఐటీలో సీటు కావాలన్నా ఇంటర్‌లో 75 శాతమో, బోర్డు మొత్తం మీద మొదటి 20 పర్సంటైల్‌లో స్థానమో ఉండాలి. అంటే ఏ పిల్లవాడికైనా మనసు నిలకడగా ఉండాల్సిన సమయం సరిగ్గా ఇదే.

ఆ సమయంలోనే సెక్షన్ షఫ్లింగ్ ఊపందుకుంటుంది. నోటీసు బోర్డు మీద జాబితా పడుతుంది. మూడో సెక్షన్ నుంచి ఐదో సెక్షన్‌కు జారినవాడు పుస్తకాల సంచీ, ఎర్రర్ లిస్ట్ (పరీక్షలో చేసిన తప్పుల పట్టిక) రాసుకునే లాంగ్ నోట్‌బుక్కు సర్దుకుని వేరే గదికి పోతాడు. చాలాచోట్ల అతడికి పాఠం చెప్పే లెక్చరర్ మారతాడు, మెటీరియల్ మారుతుంది, కొన్ని హాస్టళ్లలో పడుకునే గది కూడా మారుతుంది. అనుభవజ్ఞులైన లెక్చరర్లు పై సెక్షన్లకు, నిన్నగాక మొన్న చేరినవారు కింది సెక్షన్లకు. ఎవరికి మంచి బోధన ఎక్కువ అవసరమో వారికి అది తక్కువగా అందే ఈ అమరికను మనం చదువుల వ్యవస్థ అని పిలుచుకుంటున్నాం.

ఇందులో ఉన్న లెక్కను జాగ్రత్తగా గమనించాలి. జేఈఈ నమూనా పరీక్షలో కిందటి నెల 300కు 110 తెచ్చుకున్న అమ్మాయి ఈ నెల 130 తెచ్చుకుంది అనుకుందాం. నెల రోజులు కష్టపడి కెమిస్ట్రీలో వెనకబడిన అధ్యాయాలు పూర్తి చేసింది. అయితే ఈసారి పేపరు సులువుగా వచ్చింది, తక్కినవాళ్లకు 150 వచ్చాయి. ఆమె ర్యాంకు వెనక్కి పోయింది, సెక్షన్ దిగిపోయింది, ఆ సాయంత్రానికి తండ్రి ఫోనుకు సందేశమూ వెళ్లింది. ఆమె నేర్చుకున్నది పెరిగింది, అందిన సమాచారం మాత్రం ఆమె దిగజారిందని చెబుతోంది. పిల్లలందరూ ఒకేసారి మెరుగుపడినా సగం మంది కింది సగంలోనే ఉండి తీరతారు, ర్యాంకు స్వభావమే అది. చేసిన కష్టానికీ కనబడే ఫలితానికీ లంకె తెగిపోయిన చోట పదిహేడేళ్ల పిల్ల వచ్చే నెల అంతే కష్టపడుతుందని ఆశించడం అత్యాశ. ఆమె నిరుత్సాహపడటం బలహీనత కాదు, ఎదుట ఉన్న సాక్ష్యాన్ని బట్టి ఆమె చేరుకున్న సబబైన అంచనా.

పై సెక్షన్ వాళ్ల సంగతి మాత్రం ఏమంత మెరుగు? 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి ముందే చెప్పి బహుమతి పత్రం ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత బహుమతి ప్రసక్తి లేకుండా వదిలేసి చూస్తే, ఆశ చూపించి ఇచ్చిన పిల్లలు బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. ఇష్టంతో చేసే పనికి బయటి నుంచి ప్రతిఫలం కట్టబెడితే ఇష్టం పలచబడుతుందని అప్పటి నుంచి చాలామంది చర్చిస్తూనే ఉన్నారు. ఫిజిక్స్ లెక్క తేలినప్పుడు కలిగే ఆనందం కోసం చదివిన పిల్లవాడు రెండేళ్ల పాటు సెక్షన్ నిలబెట్టుకోవడం కోసమే చదివితే, బీటెక్‌లో సెక్షన్లు లేని రోజున పుస్తకం ఎందుకు తెరుస్తాడు? మొదటి సంవత్సరంలోనే బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) పోగేసుకునే మంచి ర్యాంకర్ల సంగతి ఇంజినీరింగ్ అధ్యాపకులను అడిగితే తెలుస్తుంది.

ఔటింగ్ ఇచ్చే ఆదివారం నాడు విజయవాడ శివార్లలోని హాస్టళ్ల దగ్గరికి వెళ్లి చూడండి. తెనాలి, నూజివీడు, చిలకలూరిపేట నుంచి వచ్చిన తల్లిదండ్రులు గేటు బయట చెట్టు నీడన చాప పరిచి క్యారియర్ విప్పుతారు. గోంగూర పచ్చడి, కోడికూర, గిన్నెలో పెరుగన్నం. బిడ్డ ముద్ద నోట్లో పెట్టుకోక ముందే తండ్రి అడుగుతాడు: "ఈ వారం ఎంత వచ్చింది నాన్నా?" ఎంత వచ్చిందో ఆయనకు ముందే తెలుసు, మెసేజ్ వచ్చింది. ఆయన ప్రేమను నేను శంకించడం లేదు. ఏం నేర్చుకున్నావని అడగడానికి కావలసిన సమాచారం కళాశాల ఆయనకు ఏనాడూ పంపలేదు, అందుకే ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది.

క్రమశిక్షణ లేకపోతే ఈ వయసు పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతారనీ, కౌలు రైతుల ఇళ్ల నుంచి ఐఐటీలకు వెళ్లినవారు ఈ ఒత్తిడిలోంచే వచ్చారనీ యాజమాన్యాలు అంటాయి. ఇందులో నిజం లేకపోలేదు. వేళకు లేవడం, రోజూ లెక్కలు చేయడం, వారానికో పరీక్ష రాయడం మేలు చేస్తాయి, వాటిని నేను కాదనడం లేదు. ఆ పరీక్షను పిల్లవాడి తప్పులు చూపించే పనికి కాకుండా అతడి స్థాయిని బోర్డు మీద ప్రకటించే పనికి వాడటంతోనే నా పేచీ.

మార్కుల కోసమే తప్ప మరి దేనికీ చదవనక్కర్లేదన్న పాఠం నిజానికి కళాశాలలో చేరిన రోజే మొదలవుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి పెరిగిన పిల్లల చేత ఏళ్ల తరబడి ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకునేలా చేస్తున్నారు. సంస్కృతం మీద భక్తితో కాదు, నూటికి 98 వస్తాయని. సమాధానాలను తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసే వీలుంది కనుక దేవనాగరిలో నాలుగు వాక్యాలు ధారాళంగా చదవలేని విద్యార్థి కూడా సంస్కృతంలో అత్యధిక మార్కులతో బయటపడతాడు. అటు సంస్కృతం రాదు, ఇటు తిక్కనతో పరిచయం పదో తరగతితోనే ఆగిపోతుంది. ఒక భాషను నేర్చుకోకుండానే అందులో నెగ్గవచ్చని పదిహేనేళ్లకే నేర్పిన తర్వాత, రెండో సంవత్సరంలో సబ్జెక్టు మీద ప్రేమ ఎక్కడి నుంచి తెచ్చుకోమంటాం? మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారంలో ఉన్న దుర్గమ్మ దర్శనానికి ఇంద్రకీలాద్రి మీద విద్యార్థులు బారులు తీరే ఊరిలో, చదువును చదువు కోసం కోరుకునే అవకాశం లేకుండా పోవడం నన్ను బాధించే విషయం.

ఇక చట్టం సంగతి. 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కళాశాలల తీరును పరిశీలించాయి. కోచింగ్ కేంద్రాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు పెట్టరాదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మావి కోచింగ్ కేంద్రాలు కావు, జూనియర్ కళాశాలలని తప్పించుకోవడానికి అక్కడ సందు దొరికింది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ సందు లేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన ఆ కేసులో, కోచింగ్ కేంద్రాలతో సహా విద్యాసంస్థలన్నీ వీలైనంత వరకు చదువులో ప్రతిభను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయరాదనీ, నలుగురిలో అవమానించరాదనీ, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదనీ న్యాయస్థానం చెప్పింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో వచ్చిన ఆదేశం మన రాష్ట్రంలో నోటీసు బోర్డుల దాకా చేరకపోవడానికి ఇంటర్మీడియట్ బోర్డు సమాధానం చెప్పాలి. గుర్తింపు పునరుద్ధరణ వేళ అగ్నిమాపక ధ్రువపత్రం అడిగినట్టే సెక్షన్ల జాబితా కూడా అడగడం బోర్డుకు పెద్ద పనేమీ కాదు.

బోర్డు కదిలే దాకా తల్లిదండ్రుల చేతిలో ఒక్క అవకాశం ఉంది, అదీ అడ్మిషన్ వేళలోనే. పదో తరగతి పరీక్షలకు ముందే కళాశాలల పీఆర్వోలు (పిల్లలను చేర్పించుకునే ప్రతినిధులు) ఇంటికొచ్చి ఫీజులో రాయితీ ఇస్తామని కూర్చుంటారు. ఆ రోజు వారిని రాయితీ గురించి ఒక మాట తక్కువ అడిగి, పిల్లవాడి ర్యాంకు తగ్గితే లెక్చరర్‌ను మారుస్తారా లేదా అన్నది కాగితం మీద రాసిమ్మని అడగాలి.