దుప్పి నది దాటేదాకా ఆగే టీవీ

ఏటా వసంతంలో స్వీడన్ ఉత్తరాన ఓంగెర్మాన్ నదిని మూస్ అనే పెద్ద దుప్పులు ఈదుకుంటూ దాటుతాయి. ప్రజల డబ్బుతో, యాడ్లు లేకుండా నడిచే అక్కడి పబ్లిక్ టీవీ ఎస్‌వీటీ 2019 నుంచి ఈ తతంగాన్ని వారాల తరబడి, పగలూ రాత్రీ లైవ్‌లో చూపిస్తోంది. యాంకర్ ఉండడు, అరుపులుండవు. చాలాసేపు చెట్లు, నీళ్లు, ఒడ్డున కరగని మంచు, అంతే. ఎప్పటికో కొమ్మల వెనక ఏదో కదులుతుంది. నీళ్లదాకా వచ్చి, అటూ ఇటూ చూసి, వెనక్కి వెళ్లిపోయినా వెళ్లిపోతుంది. అయినా లక్షల మంది కళ్లప్పగించి చూస్తారు. యాడ్ల మీద బతికే ఏ ఛానెలైనా దీన్ని పది నిమిషాలు భరిస్తుందా?

స్వీడన్ టీవీకి 1956లో ఒక్క ఛానెల్, 1969లో రెండోది. 1980ల చివర్లో లండన్ నుంచి శాటిలైట్ మీద టీవీ3 అనే ప్రైవేటు ఛానెల్ ఊడిపడ్డాక పోటీ మొదలైంది. 1999లో ఎస్‌వీటీ24, 2002లో పిల్లల ఛానెల్ బార్న్‌కనాలెన్, 2006లో ఇంటర్నెట్‌లో చూసే ఎస్‌వీటీ ప్లే వచ్చాయి. 2007కల్లా పాతకాలపు అనలాగ్ ప్రసారాలు బంద్. ఎస్‌వీటీ ఎదుగుదల అనగానే అందరూ అప్పజెప్పే చిట్టా ఇదే. నా లెక్కలో అసలు మలుపు డబ్బు దగ్గర ఉంది.

ఒకప్పుడు టీవీ ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు ఫీజు కట్టేది. జనం కంప్యూటర్లకు మళ్లాక, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు కూడా టీవీయేనా అని తగువు లేచింది. కాదని 2014లో అక్కడి సుప్రీం పరిపాలనా కోర్టు తేల్చేసింది. దాంతో పాత ఫీజుకు కాళ్లు విరిగాయి. 2019 జనవరి నుంచి పద్ధతే మార్చేశారు. 18 నిండి ఆదాయం ఉన్న ప్రతి ఒక్కరూ అందులో 1 శాతం కట్టాలి, ఏడాదికి ఒక గరిష్ఠ పరిమితి దాటకుండా. వసూలు చేసేది పన్నుల శాఖే, కానీ ఆ సొమ్ము ఖజానాలో కలవదు. దానికి విడిగా ఖాతా ఉంది. ఎన్నేళ్లకు ఎంతివ్వాలో పార్లమెంటు ముందే తేల్చేస్తుంది. నిన్న రాత్రి బులెటిన్ మంత్రిగారికి నచ్చలేదని ఇవాళ పొద్దున కుళాయి కట్టేయడం కుదరదు.

చూడనివాడు ఎందుకు కట్టాలి అంటారు కొందరు. ఫ్రీగా వార్తలిస్తే చందాలతో నడిచే పత్రికల గతేమిటన్నది ఇంకో ప్రశ్న, అది కాస్త ఆలోచించాల్సిందే. ఎస్‌వీటీకి యజమాని అయిన ఫౌండేషన్ బోర్డులో పార్టీలు సూచించినవాళ్లే ఉంటారన్నదీ నిజం. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు మన ఇంటి పన్ను రసీదులోనే ఉంది. అందులో గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మనలో ఎందరం లైబ్రరీ గడప తొక్కుతున్నాం?

అసలు తేడా కూడా ఆ సెస్సులోనే కనిపిస్తుంది. మన దగ్గర వసూలైతే అవుతుంది గానీ, గ్రంథాలయ సంస్థలకు చేరకుండా ఏళ్ల తరబడి బకాయిలుగా పేరుకుపోతుంది. అక్కడ విడి ఖాతా, ఇక్కడ అంతా ఒకే గంగాళం. దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే ప్రసార భారతిదీ అదే బాధ. చట్టం 1990లో వచ్చింది, అమలు 1997లో. పేరుకు స్వయంప్రతిపత్తి, జీతాలకు మాత్రం ఢిల్లీ గ్రాంటు. అందుకే దూరదర్శన్‌ని మనమింకా ‘గవర్నమెంటు ఛానెల్’ అనే అంటాం. పబ్లిక్ టీవీ అనడానికి తెలుగులో వాడుకలో ఉన్న మాటే లేదు. ‘ప్రభుత్వ’ అనేస్తాం, ప్రజలదీ సర్కారుదీ ఒకటే అయినట్టు.

మనకూ ఒకప్పుడు లైసెన్సు ఉండేది. మా నాన్న పోస్టాఫీసుకు వెళ్లి, రేడియో లైసెన్సు పుస్తకంలో స్టాంపు అతికించుకుని వచ్చేవారు. ఆ పుస్తకాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచేవారు. రాత్రి వార్తల వేళ రేడియో గరగరమంటే దాని నెత్తిన ఒక్కటిచ్చి, ‘డబ్బు కట్టి వింటున్నామయ్యా’ అని గొణిగేవారు.